లక్క బొట్టు

ఉలవపాడు దాటాక మామిడితోపు మలుపులో
చైను ఊడింది.
సంచిలో రెండు రిజిస్టరు ఉత్తరాలు, ఒక బ్యాంకు కవరు,
చేతిలో తాళంచెవి, జడలో పిన్నీసు.
పిన్నీసుతో బండి బాగవదని నేర్చుకోడానికి
నాకు గంట పట్టింది.

శనివారం కందుకూరు పోయాను,
వెయ్యి రూపాయలతో.
పెద్ద షాపులో కుర్రాడు ఎర్ర పెట్టె తెరిచాడు.
నలభై ఆరు ముక్కలు,
పెళ్ళినగల్లా ఎవరి గుంటలో వాళ్ళు పడుకొని.
"ఎనిమిదొందలే మేడం, అన్నీ ఇందులోనే."
అన్నీ అంటే ఏవయ్యా అన్నాను.
పాపం, వాడికీ తెలీదు.

వెనక సందులో కరీముల్లా భాయ్ పాత ఇనుప కొట్టు.
ఆయన నన్ను చూళ్ళా, బండిని చూశాడు.
"నీ బండికి ఏయే సైజు నట్లుండాయో
ఎప్పుడన్నా లెక్కబెట్టావా అమ్మే?"
కొట్టు ముందే గొంతుక్కూర్చున్నాను.
పది. పన్నెండు. పద్నాలుగు.
మళ్ళీ పది. మళ్ళీ పది.
ఊరందరి పొదుపు ఖాతాలూ పైసలతో సహా
లెక్కగట్టే దాన్ని.

"మెరిసేదాన్ని నమ్మబాక.
మెత్తటి ఇనుము మీద వెండి పూత,
నట్టు మూలలు కొరికేస్తది.
ఆనక అది ఊడి రాదు, నువ్వు ఇంటికి పోలేవు.
నట్టుకి పెట్టి ఊపి చూడు,
లొడలొడమంటే అక్కడే పడేయ్."

స్క్రూ రెంచి ఒకటి కొంటే చాలదా భాయ్,
అన్నిటికీ సరిపోద్ది గదా?
ఆయన నవ్వలేదు.
"కొళాయికి పెట్టుకో. బండి జోలికి తేబాక."

గోనెపట్టా మీద వెతికి వెతికి
పాత రింగు పానాలు మూడు తీశాడు.
ఒకదాని మీద ఎవరో మేకుతో గీసుకున్న పేరు,
సగం అరిగింది.
నోరు పానా జత ఒకటి, ఇరుకు సందులకి.
కటింగ్ ప్లేయరు మాత్రం కొత్తది కొనమన్నాడు,
కరెంటు దగ్గర పాత తొడుగుతో పందెం వద్దని.
తలకిందులుగా తిప్పి పెట్టుకునే స్క్రూడ్రైవరు.
సుత్తి అడిగితే ఇవ్వలా.
"ఇప్పుడొద్దు. సుత్తుంటే ముందు దాన్నే తీస్తావ్."

ఎనిమిదొందల నలభై.
మిగిలినదాంట్లో చైను నూనె, ఒక నిమ్మసోడా.

మా జిల్లా మారిపోయింది గానీ
ఉత్తరాల మీద ఇంకా కొందరు ప్రకాశమనే రాస్తారు.
నేనూ అప్పుడప్పుడూ అదే రాస్తాను.
పన్నెండు పదమూడు పానా మాత్రం
ఒంగోల్లోనూ నెల్లూర్లోనూ పన్నెండు పదమూడే.

ఆదివారం ముందు బాత్రూం కొళాయి విప్పాను.
ఏడాదిగా రాత్రంతా లెక్కపెట్టిన చుక్కలకి కారణం
అర్ధరూపాయంత రబ్బరు బిళ్ళ.
తర్వాత బండి.
రెండువైపులా గీతలు సమంగా వచ్చేదాకా
నాలుగుసార్లు విప్పి బిగించాను.
పానా జారి కణుపు చెక్కుకుపోయింది.
పానా తప్పు కాదు, నేనే అడ్డంగా లాగాను.

సాయంత్రం ఆఫీసు లక్క కొంచెం కరిగించి
ఒక్కో దానికీ పిడి దగ్గర బొట్టు పెట్టాను.
తపాలాశాఖ వారు మన్నించాలి.

ఇది జరిగి నెలయింది.
నిన్నగాక మొన్న పెంచలయ్య కొడుకు
"అక్కా, ఐదు నిమిషాలు" అని
పన్నెండు పదమూడు పట్టకపోయాడు.
నాలుగేళ్ళుగా వాళ్ళింటికి ఉత్తరాలిస్తున్నా,
సంతకం పెట్టించుకోకుండా
నేనిచ్చింది అదొక్కటే.