తుగ్గలి, మూడో సెక్టారు

కర్నూలు ఆఫీసులో నా పని లెక్కలు.
ఏ టవరు కింద ఏ గంటకు ఎన్ని కాల్సు వస్తాయో
రాకముందే చెప్పాలి.
వచ్చాక చెప్పడానికి మీటరుంది, నాకు జీతమెందుకు?

తుగ్గలి మూడో సెక్టారు నెమ్మదైన పిల్ల.
రాత్రి ఎనిమిదికి కాస్త మాట్లాడుతుంది,
పదికల్లా పడుకుంటుంది.
ఏడాది లెక్కలు పోసి ఒక గీత గీశాను.
చుక్కలన్నీ దాన్ని ఆనుకుని
కరెంటు తీగ మీద పిట్టల్లా కూర్చున్నాయి.

జూన్‌లో తొలివాన కురిసిన మర్నాడు
తెల్లారి అయిదున్నరకు
పిట్టలన్నీ ఒక్కసారే లేచాయి.

పదింట నాలుగు కాల్సు తెగిపోతున్నాయి.
"టవరు చెడిందేమో, పోయి చూడు" అన్నాడు మేనేజరు.
టవరు బాగానే ఉంది.
దాని కింద, ఎర్రచేలల్లో,
వందలమంది నడుం వంచి నడుస్తున్నారు.
ఒక్కరూ తలెత్తడం లేదు.
ప్యాపిలి వాళ్ళు, బళ్ళారి వాళ్ళు, గుంటూరు నుంచి కూడా,
సద్దిమూటలతో, కిరసనాయిలు స్టవ్వులతో,
వాన కడిగిన మట్టిలో
ఒక్క రాయి మెరవకపోతుందా అని.

నా నమూనాలో మనిషి ఒక చుక్క.
ఈ సెల్లులోంచి ఆ సెల్లులోకి దాటుతాడు,
దాటగానే వెనకటిది మరిచిపోతాడు.
ఇంతసేపు నిలబడ్డాడు కదా అని
ఇక కదులుతాడనడానికి లేదు.
జ్ఞాపకం లేదనుకుంటేనే
లెక్క తొందరగా తెగుతుంది.

ఈమె ఎంతకీ కదలదు.
రెండు టవర్ల సరిహద్దులో, గట్టు పక్కన,
గంటకు పది బారలు.
ఆమె నంబరును ఇటు వాళ్ళు అటు, అటు వాళ్ళు ఇటు
బంతిలా విసురుకుంటున్నారు.
పేరు మాబున్నీ. ఊరు ఆదోని.
"పదకొండేండ్ల నుంచి వస్తాండా సార్.
పోయినేడు ఈ గట్టు కాడ ఇడిస్తి,
ఈడ్నుంచే మొదలు పెట్టల్ల."

కాల్ సగటున వంద సెకన్లని రాసుకున్నా.
ఇక్కడ పదకొండు కూడా పట్టడం లేదు.
దొరికిందా?
ల్యా.
అంతే.

"మీ లెక్కలో నాకు రాయి ఎప్పుడు దొరుకుతాదో రాదా?"
వస్తుంది.
పదకొండేళ్ళు వెతికిన కంటికీ
ఈ పొద్దే బస్సు దిగిన కంటికీ
ఇవాళ ఒకటే పాలు అని వస్తుంది.
చెప్పలేదు.
"ఫోను కొంచెం ఎత్తి పట్టుకోమ్మా, సిగ్నలొస్తుంది" అన్నా.
నడుముకు కట్టిన ప్లాస్టిక్ కవరు విప్పి
ఎత్తి పట్టుకుంది,
కళ్ళు మాత్రం మట్టి మీదే.

రిపోర్టు పంపాను:
ఇరవై రోజులకు చక్రాల మీది టవరొకటి కావాలి.
కారణం అన్న గడిలో "వాన" అని రాశా.
ఇంకో వాక్యం రాసి కొట్టేశా.

సాయంత్రం ఆఫీసు మెట్ల మీద
బూట్లకంటిన ఎర్రమట్టి దులపబోయి
ఆగాను.
చుట్టూ ఎవరూ లేరని చూసుకుని
కూర్చుని,
వేలితో మెల్లగా
ఆ మట్టిని విడదీశాను.