పంకా తాడు

మా తాత దాలయ్య మొహం
రాజావారు ఒక్కసారీ చూడలేదు.
గోడకి కన్నం, కన్నంలోంచి తాడు,
తాడు చివర తాత కాలి బొటనవేలు.
అంతే చుట్టరికం.

కోట పేరు చెప్పను.
పాలకొండకి ఎగువన, నాగావళి ఒంపు తిరిగే చోట
ఇప్పటికీ సగం గోడలున్నాయి.
ఆ గోడల లోపల ఏసు పేరు
ఎవరి నోటా వినపడకూడదని హుకుం.
రెల్లివీధిలో ప్రార్థన పాక
ఒక శనివారం రాత్రి తగలబడింది.
ఎవరు పెట్టించారో అందరికీ తెలుసు.
బూడిదలో దొరికిన కిరసనాయిలు డబ్బా
దివాణం కొట్లోదే.

సోమవారం తాత పనిలోకెళ్లాడు.
"సిగ్గు నేదురా? ఆ తాడొగ్గీరా" అన్నారు వీధిలో.
తాత తలగుడ్డ చుట్టుకున్నాడు.
"ఎండలు ముదిరినాయి" అన్నాడు.

అక్షరం రాదు.
బోధకుడు నోటికి నేర్పిన ప్రార్థన ఒక్కటే.
దాన్ని లాగుళ్లుగా విడగొట్టుకున్నాడు.
లాగితే ఒక ముక్క, వదిలితే ఒక ముక్క,
పదహారు లాగుళ్లకి ఆమేన్.
మళ్లీ మొదలు.
పెదవి కదలదు, గొంతు కదలదు,
హుకుం ఎక్కడా మీరలేదు.
వేలు మాత్రం కదులుతుంది.
గోడకి అవతల పట్టుపరుపు మీద
పాక కాల్పించినాయనకి
చెమట ఆరుతుంది.

కునుకు పట్టి ఎక్కడైనా మాట జారితే
పంకా తడబడేదట.
జారిన చోటికి వెనక్కెళ్లి అందుకునేవాడట.
"వీడి చేతి గాలి బాగుంటుందోయ్"
అని లోపల్నించి మెప్పు.
చెయ్యి కాదు.
ఆ సంగతి చెప్పేవాళ్లెవరు?

ఇదంతా మామ్మ చెప్పింది,
ఎండుచేపలు ఏరుకుంటూ
మధ్యలో పిల్లిని అదిలిస్తూ.

ఆ వేసవిలోనే నౌకర్లని వరసలో నిలబెట్టారు.
పసుపునీళ్ల చెంబు మీద చెయ్యేసి
ఆ దేవుడు నాకక్కర్లేదు అనాలి.
మావాళ్లకి వేరే చెంబు,
మట్టిది, గుమ్మానికి దూరంగా.
గుర్రాలసాల గవిరయ్య అనేశాడు.
ఊడ్చే పోలమ్మ ఏడుస్తూ అంది.
తాతకి ముందు ఇంకిద్దరు.
మిట్టమధ్యాహ్నం.
లోపల్నించి కేక:
"గాలేదిరా?"
పేష్కారు తాత మెడ పట్టి
తాడు దగ్గరికి తోసేశాడు.
మిగతావాళ్ల సంగతి తర్వాత చూద్దామన్నారు.
ఆ తర్వాత రానేలేదు.

రాత్రి మామ్మ అడిగిందట:
"నీ వంతొస్తే ఏటి సెప్దువు?"
తాత అటు తిరిగి పడుకున్నాడు.
నిద్రలో బొటనవేలు కదుల్తూనే ఉంది.
"నెక్కెట్టినాను. పదారు కాడ ఆగింది.
అదే జవాబనుకున్నాను.
కాదేమో. ఏటో."
పిల్లి మళ్లీ వచ్చింది.

రాజావారి పడకగది ఇప్పుడు తహశీల్దారు ఆఫీసు.
మా అమ్మాయి కాలేజీ సీటుకి
కులం సర్టిఫికెట్టు కావాలి.
దరఖాస్తులో కులం గడి నింపాను.
దాని పక్కనే మతం గడి.
అక్కడ ఏం రాస్తే కాగితం చేతికొస్తుందో
ఏం రాస్తే రాదో
మా వీధిలో పసిపిల్లలకీ తెలుసు.
ఆదివారం గుడిలో నా పక్కన పాడినావిడే
నాకు ముందు నిలబడి ఉంది.
ఆవిడ నావైపు చూడలేదు,
నేనూ పలకరించలేదు.

కిటికీ పక్క గోడలో కన్నం
కందిరీగ మట్టితో మూసుకుపోయి ఉంది.
పెన్ను మూత తీశాను.
కరెంటు పోయింది.
గుమస్తా ఫైలుతో విసురుకుంటూ
"గాలాడట్లేదు, కంప్యూటరూ లేదు,
రేపు రండమ్మా" అన్నాడు.

దరఖాస్తు మడిచి సంచిలో పెట్టుకున్నాను.
ఆ గడి ఖాళీగానే ఉంది.
రేపు మంగళవారం.
ఆఫీసు ఉంటుంది.