లెక్క

దరఖాస్తులో తొమ్మిదో గడి:
కుటుంబ వార్షిక ఆదాయం, అంకెల్లో.

రాత్రి జొన్నరొట్టె తిని చేతులు కడుక్కున్నాక
అమ్మను గడప మీద కూచోబెట్టినాను.
"అమ్మా, ఏడాది లెక్క చెప్పు."
"లెక్క యాడుందిమే నా తావ?" అని
ఖాళీ కొంగు ముడి విప్పి చూపింది.

మా కోసిగిలో రెండింటికీ ఒకటే మాట.
ఎంచేదీ లెక్కే,
ఎంచడానికి లేనిదీ లెక్కే.

సరే, నెలల చొప్పున పోదామన్నాను.
అమ్మకు నెలలు లేవు, పనులున్నాయి.
కలుపు అయినాక పత్తి,
కిలోకి పన్నెండు రూపాయలు,
దినానికి ముప్పై కిలోలు,
మంచు పట్టి పత్తి తడిస్తే
సేట్లు తూకంలో కోసినవి పోను.
తర్వాత గుంటూరు దిక్కు మిరపకాయలు.
అమ్మా నాయనా ఇద్దరూ, తొంభై దినాలు.
"అందులో వాన ఆరు దినాలు తీసెయ్,
మీ నాయన జరం మూడు దినాలు,
లారీ బాడుగ కూడా తీసెయ్."
తీసేసినాను.
"మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు?"
"అది అప్పు."
"గ్రూపు లోను?"
"అదీ అప్పే."
"కుదువ పెట్టిన కమ్మల డబ్బు?"
అమ్మ చెవులు తడుముకుని
లోపల రొట్టె పెంక తోముతా ఉండిపోయింది.

నోట్సు వెనక అట్ట మీద
కూడి, తీసి, మళ్లీ కూడి,
పదకొండింటికి ఒక అంకె తేలింది:
అరవై ఒక్క వేల మూడు వందల నలభై.
దాని కింద రెండు గీతలు గీసినాను,
పరీక్షలో గీసినట్టు.

సచివాలయంలో సోమవారం సర్వరు లేదు.
మంగళవారం సర్వరుంది, ఆ అబ్బాయి లేడు.
బుధవారం ఇద్దరూ ఉన్నారు, నేను లేను.
పదో తరగతి కాగితంలో ఉరుకుందమ్మ,
ఆధార్‌లో ఉర్కుందు,
ఇంట్లో కుందీ.
వీళ్లలో కాలేజీకి పొయ్యే పిల్ల ఎవరో
తేల్చుకోని రమ్మన్నాడు.

స్టడీ సర్టిఫికెట్టు మాత్రం బాగుందన్నాడు.
ఆరో తరగతి, క్రమం తప్పక హాజరు.
ఆ ఏడు సంక్రాంతి ముందు నుంచి ఉగాది దాకా
నేను సత్తెనపల్లి పక్కన చేన్లో
పట్ట గుడిసె కింద తమ్ముని ఊయల ఊపినాను.
మిరప ఘాటుకు వాడు తుమ్మితే నేను తుమ్మేదాన్ని.
హాజరు పట్టీలో మాత్రం
మూడో వరుసలో కూచుని భిన్నాలు నేర్చుకున్నాను.
నాగభూషణం సారు పచ్చ సిరా సంతకం పెట్టిన
ఆ అబద్ధాన్ని
ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నాను.

వారం తిరిగి ఆదాయ పత్రం వచ్చింది.
విఆర్వో సారు నా అట్ట ముక్క చూడనే లేదు.
మా వీధిలో అందరికీ ఒకటే రాస్తాడంట:
అక్షరాలా నలభై ఎనిమిది వేల రూపాయలు మాత్రమే.

అమ్మకు చదివి వినిపించినాను.
"మాత్రమే అంటే?"
"అంతే, అని."
"అంతే ఎట్లయితాది? మనది అరవై ఒకటి గదా.
పదమూడు వేలు ఎవరు తిన్యారు?"
ఎవరూ తినలేదమ్మా,
తక్కువుంటేనే మనకు మంచిది,
తక్కువుంటేనే ఫీజు సర్కారు కడతాదన్నాను.
అమ్మకు ఆ మంచి అర్థం కాలేదు.
నాకూ పూర్తిగా కాలేదు.
పదమూడు వేలంటే
ఎన్ని కిలోల పత్తో మనసులో కడతా ఉంటే
ఆమె నా నోట్సు అట్ట చించుకోని
రేషన్ కార్డు మడతలో పెట్టింది.
"వాళ్లది వాళ్లది. ఇది మనది."

రేపు వేలిముద్ర.
పోయిన తూరి మిషను అమ్మ వేళ్లను
మనిషివి కావన్నది.
అందుకే బొటనవేలికి ఆముదం రుద్దుకుంటా
చీకట్లో కూచుంది.
నేను నిద్రపోయినాననుకునే సమయానికి
నన్ను తట్టి లేపింది.

"కుందీ, ఆ వాన ఆరు దినాలు
తీసెయ్యకుండా ఉండాల్సిందిమే.
ఊరికే కూచోలేదు నేను.
గోతాలు కుట్టినాను."