పిక్క కొలత

చిత్తూరు పెద్దాసుపత్రి, రెండో మిద్ది,
ఫ్యాను తిరగని వరసలో మూడో మంచం.
మా ఆయన చెంగల్రాయుడికి
కుడి చెయ్యీ కుడి కాలూ పడిపొయ్యి
ఈ పొద్దుకి తొమ్మిది దినాలు.
నోట్లో ఒక్క మాట మిగిలింది: సరే.
నీళ్ళు కావాలన్నా సరే.
కోపమొచ్చినా సరే.

నాలుగో దినం జలుబు తగులుకుండె.
ముక్కులో పుల్ల పెట్టి చూసి వైరస్ ఉండాదన్నారు.
"తేలికే అమ్మా, ఆక్సిజన్ తొంభై ఏడు" అనింది నర్సు.
చీటీలోనూ అదే రాసింది, తేలిక అని.
ఆ మాట నాకు బాగుండె.
ఇన్ని దినాల్లో మాకు దొరికిన తేలిక అదొక్కటే.
జ్వరం నూరు దాటలా.
ఆయన ఒక తుమ్ము తుమ్మి సరే అన్నాడు.

నేను జాకెట్లు కుట్టేదాన్ని.
గ్రీమ్స్‌పేట సందులో ఇరవై ఏండ్లుగా మిషను తొక్కతా ఉండా.
మనుషుల్ని మొహంతో కాదు, కొలతతో గుర్తు పెట్టుకుంటా.
ఎవురి భుజం ఒక పక్కకు వాలుతాదో,
ఎవురి కడుపులో బిడ్డ పడిందో
అత్తకంటే ముందు నా టేపుకే తెలుస్తాది.

సోమవారం తెల్లారి ఒళ్ళు తుడస్తా ఉంటే
కుడి పిక్క మీద చెయ్యి ఆగిపోయింది.
వెచ్చగా, బిర్రుగా,
పండని తోతాపురి మాదిరి.
నొప్పా అంటే సరే.
నొప్పి లేదా అంటే సరే.
స్పర్శ లేని కాలు ఎవురికని చెప్పుకుంటాది?

టేపు సంచిలో ఉండె.
ఆ పొద్దు ఆటో ఎక్కేటప్పుడు మెళ్ళోనే ఉండిపోయుండె.
ఎడమ పిక్క పన్నెండు ముప్పావు.
కుడి పిక్క పద్నాలుగున్నర.
మళ్ళా కొలిచినా. పద్నాలుగున్నరే.
గుడ్డైతే కుట్టు విప్పి సరిచేద్దును.

డ్యూటీ డాక్టరమ్మ చిన్నపిల్ల, పుంగనూరామె,
నా టేపును చూసి నవ్వలా.
దాంతోనే తనూ కొలిచి
స్కానింగుకి తోయించింది.
తొడలో, లోపలి నరంలో, రక్తం గడ్డకట్టి ఉండాది.
"జలుబు తేలికే అమ్మా.
కదలకుండా పడుకున్న మనిషికి
ఒక్కోసారి ఆ తేలికే చాలు.
ఊపిరితిత్తికి పోకముందే చూసినాం,"
అనేసి, పోకముందే అని మళ్ళా అనింది
తనకు తానే చెప్పుకున్నట్టు.

పద్దెనిమిది సీజన్లు పల్పు ఫ్యాక్టరీలో పని ఈయనది.
మామిడి గుజ్జు ఏ పైపులో నిలబడిందో
చెవి ఆనించి చెప్పేవాడు.
"పారేది కట్టదు మే, నిలబడిందే గడ్డ కడతాది"
అని అన్నం తింటా చెప్తా ఉంటే
ఊఁ కొట్టి హుక్కులు కుట్టుకునేదాన్ని.
ఇప్పుడా పైపు ఆయన కాల్లోనే.
చెవి ఆనించే మనిషేమో
పైకప్పు చూస్తా పడుకోనుండాడు.

పొద్దునొకటి, మాపొకటి, బొడ్డు పక్కన సూది.
నేరేడు పండ్లంత మచ్చలు.
రక్తం మరీ పలచనైతే తలలో కారొచ్చంట,
చెయ్యకుంటే గడ్డ కదలొచ్చంట.
అట్లాంటి కటింగు నాకు తెలుసు,
పట్టుగుడ్డ మీద,
ఒక్క నూలు అటు జరిగినా చీర దండగ.
ఆ పిల్ల మందు లాగేటప్పుడు
నేను కూడా ఊపిరి బిగబట్టుకుంటా.

నోటుబుక్కులో
గిరిజ టీచరు చెయ్యి లూజు,
ఖాదర్‌బీ కూతురి పెండ్లి జాకెట్టు, నడుము ఇరవై ఏడు,
దాని కిందనే, గీత కూడా కొట్టకుండా,
చెంగల్రాయుడు, కుడి పిక్క.
సోమవారం పద్నాలుగున్నర.
మంగళవారం పద్నాలుగున్నర.
ఈ పొద్దు పద్నాలుగుంబావు.
పావంటే ఏముంది, గుడ్డలో అయితే
ఉతికితే పొయ్యేంత.

టేపు లాగేటప్పుడు
ఆయన కాలి బొటనవేలు కదిలినట్టుండె.
నా చెయ్యే వణికిందో ఏమో.
కదిలించినావా అంటే
సరే అన్నాడు.
దాన్ని మాత్రం నోటుబుక్కులో ఎక్కించలా.