తిరగేసిన వరుస

ఆ ఏడు వశిష్ఠలో వరద తీసినాక
నరసాపురం రేవు వీధిలో మా ప్రెస్సుకి
గోనెలో చుట్టి తెచ్చాడు మస్తాను సాయిబు
కుట్టు ఊడిన పుస్తకం.
పాలకొల్లులో వలందావాళ్ళ పాత గిడ్డంగి పడగొడితే దొరికిందట.
"అట్ట వెయ్యమన్నారు. ఏ పక్క ముందో తెలీటం లేదు."

దేవసహాయం తాత కళ్ళజోడు దించి
వెనకనుంచి తెరిచాడు.
అది వెనక కాదు.
ముప్పయ్యేళ్ళుగా సీసంలో తిరగబడ్డ తెలుగునే చదివినవాడికి
కుడి నుంచి ఎడమకి నడిచే వరుస
కొత్తేం కాదు.

భాష రాదు. అయినా చదివాడు:
"కింద చుక్కలు చూడు, మన వత్తుల్లాగే.
ఒక్క వరుసకి రెండు వరుసలు పేర్చుంటాడు పాపం.
ఇక్కడ చోటు మిగిలితే చివరక్షరం సాగదీశాడు.
ఇదిగో, ఇది తలకిందులు.
దీపం చాలక కట్టాడు."

సెమినరీలో నేర్చి సగం మరిచిన పాస్టరుగారొచ్చి
హెబ్రీ అన్నారు. ప్రార్థనలు. ఆమ్‌స్టర్‌డామ్.
ఏడాది అంకెల్లో లేదు,
ఒక వాక్యంలో పెద్దచేసిన అక్షరాలు కూడితే వస్తుందట,
మన శాసనాల్లో కన్నులంటే రెండు, వేదాలంటే నాలుగు అన్నట్టు.
ఒకసారి తప్పి, మళ్ళీ కూడాం:
రెండొందల డెబ్బై ఏళ్ళు.
ఒక పేజీ మీద మైనం చుక్క.
ఎవరో అక్కడ ఎక్కువసేపు ఆగారు.

చివర చీమ తలంత అక్షరాల్లో ఒక పేరు.
"ఎవరిదండీ?"
"కంపోజిటరుది. తప్పులుంటే మన్నించమంటున్నాడు."
తాత ఆ ముక్క మళ్ళీ చదివించుకున్నాడు.

పెళ్ళి కార్డులు, పెద్దకర్మ కార్డులు,
కొబ్బరి కొట్ల రసీదులు, లేసు కంపెనీ బిల్లులు,
ఊళ్ళో పేర్లన్నీ ఆయన వేళ్ళలోంచే వెళ్ళాయి.
ఆయన పేరు హాజరు పుస్తకంలో ఉండేది.

ఆ రాత్రి పంచాంగం ఆఖరి ఫారం అడుగున
చిన్న టైపులో ఒక వరుస కట్టాడు.
పొద్దున ప్రూఫులో యజమాని ఎర్రసిరాతో కొట్టేశాడు,
కోపంగా కూడా కాదు.
"ఇదెందుకిక్కడ?"

అక్షరాలు విడదీసి గళ్ళలో పంచడం నా పని.
పదకొండేళ్ళు నాకు.
న గడిలో న వెయ్యాలి.
వెయ్యలేదు.
దారంతో కట్టి లాగు జేబులో వేసుకున్నాను.

పుస్తకం ఏమైందో తెలీదు.
చినిగిపోతే కాల్చరట వాళ్ళు, మనిషిని పాతినట్టు పాతుతారట.
ప్రెస్సు సీసమంతా కిలోల లెక్కన కాకినాడ వెళ్ళి కరిగిపోయింది.

ఈ ఒక్క వరుస మిగిలింది.
సిరా ఒకేసారి తాకింది దీన్ని.
అద్దం అక్కర్లేదు,
కుడి నుంచి మొదలుపెడతాను:
కట్టినది నల్లి దేవసహాయం, నరసాపురం.
తప్పులుంటే

అక్కడికి చోటు అయిపోయింది.