నురగ

శుక్రవారం తెలుగు పూజలో ఫాదర్ గారు చెప్పారు:
ఐదొందల ఏళ్ళ కింద ఇటలీలో
లుక్రేసియమ్మ అనే మఠకన్య
పద్నాలుగో ఏట లోపలికి పోయి
మళ్ళీ వీధి మొహం చూడలేదట.
బట్టలుతుకుతుంటే సబ్బు నురగలో
ప్రభువు కనబడేవాడట.
పెద్దలొచ్చి నిలదీశారట, దయ్యమా, దేవుడా అని.
ఆమె తడి చేతులు చూపించి ఊరుకుందట.

నేనక్కడే ఆగిపోయాను,
సత్ప్రసాదానికి లేవడం మరిచి.

సాల్మియాలో నా గది వాషింగ్ మెషీన్ పక్కన.
కిటికీ లేదు. పాస్‌పోర్టు బాబా బీరువాలో.
రంజాన్ రాత్రి రెండింటికి
మచ్‌బూస్ గిన్నెలు తోముతూ
నేనూ నురగలోకి వంగి చూశాను.
ఒక మెతుకు. ఒక లవంగం.
నా ముక్కుపుడక మెరుపు.
అంతే.

లుక్రేసియమ్మా,
నీ గడియ లోపలి వైపు ఉండేది కదూ?
ఇక్కడ గేటు తాళం మామా గుత్తిలో.
ఆ తేడా ఫాదర్ గారు ఎత్తలేదు.
ఇంకొకటి అడగనా,
నడుం నొప్పికి ఏం రాసుకునేదానివి?

ఇవాళ తూజు లేచింది.
సముద్రం కనబడట్లేదు, ఎదురు మేడా లేదు.
"ఇన్నా, తలుపులన్నీ ముయ్" అని మామా కేక.
ఇన్నాసమ్మలో ఆమెకి నోరు తిరిగింది అంతవరకే.
ఏడు గుమ్మాల కింద తడిగుడ్డలు కుక్కి,
చివరికి నా గదిలోకొచ్చి
తలుపు నేనే వేసుకున్నాను.

మెషీన్ తిరుగుతోంది.
గాజు వెనక బాబా తెల్ల దిష్‌దాషాలు
చేతులెత్తి, పడి, మళ్ళీ ఎత్తి.
చాలాసేపు చూశాను.
జపమాల తీయలేదు.
చేతులింకా ఆరలేదు.