ఇరవై డిగ్రీల గది

పర్లాకిమిడిలో మే నెల.
మహేంద్రతనయలో నీళ్ళకంటే ఇసుక లారీలే ఎక్కువ.
మా గదిలో మాత్రం ఇరవై డిగ్రీలు,
పగలూ రాత్రీ, రథయాత్ర రోజు కూడా.

విశ్వవిద్యాలయం వెనక
జీడితోట కొట్టేసిన చోట కట్టారు ఈ కేంద్రం.
గ్రానైటు బల్ల కింద గాలిదిండ్లు.
అయినా పాతపట్నం రోడ్డు మీద
లారీ గతుకులో పడితే
తెర మీద గీత ఉలిక్కిపడుతుంది.
అందుకే అసలు కొలతలు
రాత్రి రెండు దాటాకే తీస్తాం.

చేరిన కొత్తలో
"వెంట్రుకవాసి తేడా సార్" అన్నాను.
నిరంజన్ సాబత్ గారు నవ్వలేదు.
తన తలలోంచి ఒక నెరిసిన వెంట్రుక పీకి
మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి
చదవమన్నారు.
అరవై ఎనిమిది మైక్రాన్లు.
"మనకు అనుమతి రెండు."
ఆ రోజునుంచి ఆ మాట మానేశాను,
ఇంట్లో కూడా.

మేం చేసేది తుంటి కీలులో కూర్చునే గుండు.
కంటికి గుండ్రం, వేలికి గుండ్రం.
యంత్రం పదివేల రెట్లు పెంచి గీస్తే
అంచంతా మిట్టలూ పల్లాలూ,
వాన వెలిసిన పొద్దుట కనిపించే మహేంద్రగిరి.
రైతా గమాంగ్ ఆ కొండమీది సవర కుర్రాడు.
ఒక లొద్ది మీద వేలు పెట్టి
"ఇదిగో, మా ఊరి దారి" అన్నాడు.
గోరంత కొండంత కావడం సామెత అనుకునేవాణ్ణి.
ఇక్కడ అది జీతమిచ్చే పని.

లెక్క తెలుగులో వేస్తాను,
పుస్తకంలో ఒడియాలో రాస్తాను,
నివేదిక ఇంగ్లీషులో వెళ్తుంది.
పనిలేని ఒక మధ్యాహ్నం
గోడమీది పటంలో రాష్ట్రాల హద్దు గీత
మందమెంతో కొలిచాను.
అర మిల్లీమీటరు.
నేల మీద అర కిలోమీటరు.
మా అత్తవారి ఊరు మొత్తం
ఆ సిరా కిందే ఉంది.
ఎంత తేడా ఒప్పుకుంటారో
పటం మూలన ఎవరూ రాయలేదు.

మా నాన్న దండాసిది కొమ్ము పని.
నలభై ఏళ్ళు గేదె కొమ్ములో
కొంగల్ని వెతికాడు, రొయ్యల్ని వెతికాడు.
రొయ్య మీసం ఊపిరికి వణికితే
అప్పుడు చాలనుకునేవాడు.
అదే ఆయన గేజి.

పోయిన నెల గది చూస్తానన్నాడు.
తెల్లకోటు తొడిగాం, చెప్పులకు సంచులు కట్టాం.
వద్దనేలోగా
నూరు మిల్లీమీటర్ల ఉక్కు దిమ్మెని
అరచేతిలోకి తీసుకుని
బొటనవేలితో నిమిరాడు,
కాసేపు.
"నున్నగుంది. ఏటి లోపం?"

తిరిగి బల్ల మీద పెట్టాను.
తెర మీద మూడు పాయింట్ నాలుగు
ఎక్కువ.
"అదేటది?"
"నీ చేతి వేడి నాన్నా. ఉక్కు పొడుగయ్యింది."

చెయ్యి తిప్పి చూసుకున్నాడు.
రంపం తిన్న చూపుడువేలు,
పొగాకు రంగు పట్టిన గోళ్ళు.
"సెగ సూపకుండా కొమ్ము ఒంగదు.
మీరేటి, సెగ తగిల్తే పనే ఆపెస్తారా?"

ఆపేశాం.
సాబత్ గారు గడియారం చూసుకుని
టీకి వెళ్ళిపోయారు.
గుండ్లు పెట్టెలో పడుకున్నాయి.
నాన్న స్టూలు మీద కూర్చుని
అంకె దిగడం చూశాడు,
చదువు రాకపోయినా.
మూడు. రెండు పాయింట్ ఆరు.
తర్వాత చలేస్తుందని లేచి వెళ్ళిపోయాడు.

ఆలస్యానికి కారణం అన్న గడిలో
'చేతి వేడి' అని తెలుగులో రాసి
కొట్టేసి
ఒడియాలో రాశాను.

రాత్రి అన్నం దగ్గర అడిగాడు,
"నీ దిమ్మె సల్లారిందేటి?"
"ఆరింది."
"ఎంతసేపు పట్టింది?"
"నాలుగ్గంటలు."

"నాలుగ్గంటలు," అన్నాడు అమ్మతో,
చారు ఇటు జరపమంటూ,
"ఇన్నావా?"